టాయిలెట్లు లెక్కపెట్టిన జడ్జి

ఎపిసోడ్‌లో మాట్లాడిందే ఇక్కడ రాతలో పెడుతున్నాను. టైం చాలక వదిలేసినవి కొన్ని కలిపాను కూడా. నేను లాయర్‌ని కాను. ఐటీఐ చదివి, ఇక్కడ గల్ఫ్‌లో బిల్డింగ్ పనులు చూసుకునే మనిషిని. అందుకని కోర్టు సంగతులు కూడా సైట్ భాషలోనే వస్తాయి, సర్దుకోండి.

అమెరికాలో నల్లజాతి వాళ్ల హక్కుల పోరాటం అనగానే మనకు గుర్తొచ్చేది రోసా పార్క్స్, మార్టిన్ లూథర్ కింగ్. బస్సులో సీటు, సెల్మా బ్రిడ్జి. సరే, బస్సుల్లో ఆ వేరు సీట్ల చట్టం చెల్లదని తీర్పు ఇచ్చిన జడ్జీలు ఎవరు? ఆ బ్రిడ్జి దాటి నడవొచ్చని ఆర్డర్ రాసింది ఎవరు? రెండు చోట్లా ఒక పేరు కనిపిస్తుంది. ఫ్రాంక్ ఎం. జాన్సన్ జూనియర్. అలబామా రాష్ట్రం, మాంట్‌గోమరీ నగరంలో ఫెడరల్ డిస్ట్రిక్ట్ జడ్జి. 1955 నుంచి 1979 దాకా అదే కోర్టు.

ముందు ఈ డిస్ట్రిక్ట్ జడ్జి అంటే ఏంటో రెండు ముక్కలు. అమెరికాలో కోర్టులు రెండు రకాలు. రాష్ట్రాల కోర్టులు వేరు, కేంద్రానివి వేరు. కేంద్రం కోర్టుల్లో అన్నిటికన్నా కింద ఉండేది డిస్ట్రిక్ట్ కోర్టు. సాక్షులు వచ్చేది అక్కడికే, జ్యూరీ కూర్చునేది అక్కడే. పైన అప్పీలు కోర్టు, దానిపైన సుప్రీంకోర్టు. పైవాళ్లు చూసేది కాగితాలే. అంటే హెడ్ ఆఫీసు, కన్సల్టెంట్ లాంటివాళ్లు. డిస్ట్రిక్ట్ జడ్జి మాత్రం సైట్ మీద ఉండే మనిషి. సుప్రీంకోర్టు 1954లో బళ్లలో తెలుపు నలుపు వేరు చేయడం చెల్లదంది. మంచి డ్రాయింగే. కానీ ఎండలో నిలబడి కట్టాల్సింది కిందివాళ్లు.

ఇంకో తేడా ఉంది, అది ఈ కథకు ప్రాణం. అలబామాలో రాష్ట్ర జడ్జీలు ఎన్నికల్లో గెలిచి వచ్చేవాళ్లు. ఓట్లు కావాలి, ఆ రోజుల్లో ఓట్లంటే దాదాపు తెల్లవాళ్లవే. ఫెడరల్ జడ్జిని అధ్యక్షుడు నియమిస్తాడు, సెనేట్ ఒప్పుకుంటుంది. ఇక జీవితాంతం ఆ పదవి. జీతం తగ్గించడానికి కూడా వీల్లేదు. ఆ రక్షణ దక్షిణాది ఫెడరల్ జడ్జీలందరికీ ఉంది. దాన్ని వాడుకున్నవాళ్లే తక్కువ.

జాన్సన్ 1918లో విన్‌స్టన్ కౌంటీలో పుట్టాడు. అలబామా ఉత్తరాన కొండల ప్రాంతం. పెద్ద పత్తి తోటలు లేవు, బానిసలూ తక్కువే. 1861లో అలబామా అమెరికా నుంచి విడిపోతానన్నప్పుడు ఈ కౌంటీ ప్రతినిధి ఆ కాగితం మీద సంతకం పెట్టనన్నాడు. రాష్ట్రం విడిపోతే మేం రాష్ట్రం నుంచి విడిపోతాం అన్నంత పేరు ఆ కౌంటీకి. రాష్ట్రమంతా డెమోక్రాట్లయితే వీళ్లు రిపబ్లికన్లు. తండ్రి కూడా అదే పార్టీ, స్థానికంగా జడ్జి పని చేశాడు. అంటే చుట్టూ అందరూ ఒక మాట అంటుంటే తాను వేరే మాట మీద నిలబడటం ఆ ఇంట్లో కొత్తేం కాదు.

1943లో లా పూర్తయ్యాక యుద్ధానికి వెళ్లాడు. ఇన్‌ఫాంట్రీ ఆఫీసరుగా యూరప్‌లో రెండుసార్లు గాయపడ్డాడు. తిరిగొచ్చి జాస్పర్ అనే ఊళ్లో ప్రాక్టీసు పెట్టాడు. 1952లో ఐసెన్‌హోవర్ కోసం అలబామాలో ప్రచారం చేశాడు, ఆయన గెలిచాక 1953లో ఉత్తర అలబామాకు ఫెడరల్ ప్రాసిక్యూటర్ అయ్యాడు.

ప్రాసిక్యూటర్‌గా ఆయన నడిపిన ఒక కేసు దగ్గర కాసేపు ఆగుతాను, గల్ఫ్‌లో ఉన్న మనకు ఇది వేరేలా వినబడుతుంది. సమ్టర్ కౌంటీలో ఇద్దరు తెల్ల అన్నదమ్ములకు పొలాలున్నాయి. చిన్న చిన్న కేసుల్లో జైల్లో పడ్డ నల్లజాతి కూలీల దగ్గరికి వెళ్లి జరిమానా కట్టి బయటికి తెచ్చేవాళ్లు. ఆ అప్పు తీరేదాకా పొలంలో పని చేయాలి. తీరేది ఎప్పుడో చెప్పేది కూడా వాళ్లే. పారిపోతే పట్టి తెచ్చి కొట్టేవాళ్లు. అలా కొట్టిన దెబ్బలకు ఒక మనిషి చనిపోయాడు. బానిసత్వం రద్దయి అప్పటికి 90 ఏళ్లు కావొస్తోంది. మన తెలంగాణ తాతలకు దీనికి పేరు పెట్టి చెప్పక్కర్లేదు, వెట్టి అంటే చాలు. 1954లో జాన్సన్ ఆ అన్నదమ్ములను కోర్టుకెక్కించాడు. జ్యూరీలో అందరూ తెల్లవాళ్లే. అయినా దోషులన్నారు, ఇద్దరికీ జైలు పడింది. శిక్ష ఏడాదిన్నరే, చచ్చిపోయిన మనిషితో పోలిస్తే ఏం లెక్క. కానీ అలబామాలో తెల్ల జ్యూరీ తెల్ల భూస్వామిని నల్ల కూలీ విషయంలో దోషి అనడమే అప్పట్లో వింత. సాక్ష్యం గట్టిగా పేరిస్తే తెల్ల జ్యూరీ కూడా కాదనలేదని ఆయన అక్కడే చూశాడని నా అనుమానం.

1955 చివర్లో ఐసెన్‌హోవర్ ఆయన్ని మాంట్‌గోమరీ కోర్టుకు జడ్జిగా వేశాడు. వయసు 37. కుర్చీలో కూర్చుని నెల తిరక్కముందే, డిసెంబర్ 1న, అదే ఊళ్లో రోసా పార్క్స్ బస్సు సీటు వదలనంది. బస్సుల బహిష్కరణ మొదలైంది. కోర్టుకు వచ్చిన కేసు మాత్రం రోసా పార్క్స్‌ది కాదు. లాయర్ ఫ్రెడ్ గ్రే 1956 ఫిబ్రవరి 1న వేసిన ‘బ్రౌడర్ వర్సెస్ గేల్’ అనే కేసు. అందులో ఉన్న ఆడవాళ్లు ఆరేలియా బ్రౌడర్, సూసీ మెక్‌డొనాల్డ్, క్లాడెట్ కాల్విన్, మేరీ లూయిస్ స్మిత్. క్లాడెట్ అప్పటికి స్కూలు పిల్ల. రోసా పార్క్స్ కంటే తొమ్మిది నెలల ముందే సీటు వదలక అరెస్టయింది. ఈ నాలుగు పేర్లు మన పిల్లలకు కూడా చెప్పండి, స్కూలు పుస్తకాల్లో చాలావరకు ఉండవు.

రాష్ట్ర చట్టం చెల్లదా అనే కేసు కాబట్టి ఆ రోజుల రూలు ప్రకారం ముగ్గురు జడ్జీలు కూర్చున్నారు. రిచర్డ్ రైవ్స్, సేబర్న్ లిన్, జాన్సన్. విచారణ అయ్యాక లోపల గదిలో చర్చ. అక్కడ ఆనవాయితీ ఏంటంటే అందరికన్నా జూనియర్ మొదట చెప్పాలి, పెద్దల మాట విని భయపడకుండా. జాన్సన్ నాన్చలేదు, రంగు చూసి సీటు ఇచ్చే చట్టం రాజ్యాంగానికి విరుద్ధం అన్నాడు. రైవ్స్ అవునన్నాడు, లిన్ కాదన్నాడు. జూన్ 5న 2–1తో తీర్పు వచ్చింది. నవంబర్‌లో సుప్రీంకోర్టు దాన్నే ఖాయం చేసింది, డిసెంబర్ 21న మాంట్‌గోమరీ బస్సుల్లో ఎవరికి నచ్చిన సీట్లో వాళ్లు కూర్చున్నారు. ఏడాది పాటు కాళ్లరిగేలా నడిచింది జనమే, అది మర్చిపోకూడదు. కానీ చివర్లో తాళం తీసింది ఈ కేసు.

ఈయన్ని దేవుణ్ణి చేయడం నాకు ఇష్టం లేదు. 1957లో టస్కిగీ ఊరికి చదరంగా ఉన్న సరిహద్దును రాష్ట్రం 28 మూలల వింత ఆకారంగా కోసింది. నల్లజాతి ఓటర్లు దాదాపు అందరూ ఊరి బయట పడేలా. ఆ కేసు జాన్సన్ దగ్గరికి వస్తే, సరిహద్దులు గీయడం రాష్ట్రం ఇష్టం, పాత తీర్పులు నా చేతులు కట్టేశాయి అని కొట్టేశాడు. 1960లో సుప్రీంకోర్టు అది తప్పు అంది. అంటే చట్టం ఎక్కడిదాకా ఉందో అక్కడిదాకే వెళ్లే రకం మనిషి. ఫ్రీడమ్ రైడర్లను 1961లో మాంట్‌గోమరీ బస్టాండులో గుంపు చితక్కొడితే క్లాన్ మీదా, చూస్తూ నిలబడ్డ పోలీసుల మీదా ఆర్డర్లు ఇచ్చాడు. కొద్ది రోజులకే రైడర్లను కూడా కొన్నాళ్లు ఆపమన్నాడు. రెండు పక్కలవాళ్లూ తిట్టుకున్నారు.

ఇక జార్జ్ వాలెస్. ఆ తర్వాత నాలుగుసార్లు అలబామా గవర్నరుగా గెలిచినవాడు. లా కాలేజీలో ఇద్దరూ దోస్తులు. 1958లో వాలెస్ రాష్ట్ర జడ్జి. నల్లజాతి వాళ్లను ఓటరు లిస్టుల్లో ఎలా ఆపుతున్నారో చూడటానికి కేంద్ర కమిషన్ రికార్డులు అడిగితే ఇవ్వను పొమ్మన్నాడు. ఇవ్వమని ఆర్డర్ వేసింది జాన్సన్. 1959 జనవరిలో ఒక రాత్రి వాలెస్ జాన్సన్ ఇంటికి వచ్చాడు. లోకల్ జైల్లో నాలుగు రోజులు వేస్తే చాలు, నా రాజకీయానికి పనికొస్తుంది అని అతని కోరిక. రికార్డులు ఇవ్వకపోతే నాలుగు రోజులు కాదు, గట్టిగానే వేస్తా అన్నాడు జాన్సన్. అప్పుడు వాలెస్ చేసిన పని చూడండి. రికార్డులను గ్రాండ్ జ్యూరీ చేతిలో పెట్టి, అటునుంచి కేంద్రానికి చేరేలా చేసి, బయటేమో నేను లొంగలేదు అని తిరిగాడు. జాన్సన్ అతన్ని జైలుకు పంపలేదు. ఇతను దొంగచాటుగా ఆర్డర్ పాటించాడు కాబట్టి నేరం లేదు అని తీర్పులోనే రాసేశాడు. ఒక వీరుడికి అంతకన్నా పెద్ద శిక్ష ఏముంటుంది! ఆ తర్వాత వాలెస్ ఎన్నికల్లో ఈ జడ్జిని తిట్టి ఓట్లు దండుకున్నాడు.

సెల్మా సంగతి మీకు సినిమాలో తెలిసే ఉంటుంది. 1965 మార్చి 7న ఓటు హక్కు కోసం నడుస్తున్న జనాన్ని బ్రిడ్జి మీద పోలీసులు లాఠీలతో, గ్యాస్‌తో కొట్టారు. సినిమా చూపించే దానికన్నా కోర్టులో జరిగింది నిదానం. జాన్సన్ వెంటనే పర్మిషన్ ఇవ్వలేదు. విచారణ అయ్యేదాకా నడవొద్దని కింగ్‌కే ఆర్డర్ వేశాడు. కోపం రాదా మరి, తలలు పగిలినవాళ్లనే ఆగమంటే? కానీ ఆ కొద్ది రోజుల్లో ఆయన సాక్షులందర్నీ విన్నాడు, కోర్టు హాల్లో ఆ కొట్టుడు ఫిల్ము వేయించి చూశాడు. మార్చి 17న ఆర్డర్ వచ్చింది. హైవేను అంతలా వాడుకునే హక్కు మామూలుగా ఉండదు, కానీ జరిగిన అన్యాయం ఎంత పెద్దదో అడిగే హక్కు కూడా అంత పెద్దదవుతుంది అని దాని సారాంశం. దానికి తోడు నడక ప్లాన్. సెల్మా నుంచి మాంట్‌గోమరీ 54 మైళ్లు, రోడ్డు రెండు లేన్లే ఉన్నచోట 300 మందికి మించొద్దు, రక్షణ బాధ్యత రాష్ట్రానిది. చెప్పింది ‘నడవండి’ అని మాత్రమే కాదు. ఎంతమంది, ఏ రోడ్డు మీద, ఎవరి కాపలాలో అనేది కూడా. మార్చి 25న మాంట్‌గోమరీ చేరేసరికి ఆ నడక 25 వేల మంది అయ్యింది.

అదే రాత్రి, నడిచినవాళ్లను కార్లో దింపుతున్న వయోలా లియుజో అనే ఆమెను క్లాన్ మనుషులు కాల్చి చంపారు. రాష్ట్ర కోర్టు జ్యూరీ ఒకణ్ణి నిర్దోషి అని వదిలేసింది. డిసెంబర్‌లో ముగ్గురి మీద జాన్సన్ కోర్టులో ఫెడరల్ కేసు నడిచింది. అందులో హత్య అనే మాట లేదు, హక్కులు లాక్కునే కుట్ర అని పాత చట్టం కింద. జ్యూరీ మేం తేల్చుకోలేం అని తిరిగొస్తే, వెళ్లి మళ్లీ కూర్చోండి అని పంపాడు. దోషులన్నారు. ఆ చట్టంలో ఉన్న గరిష్ఠ శిక్ష, పదేళ్లు, ముగ్గురికీ వేశాడు.

దీనికంతా ఆయన కట్టిన ఖరీదు తక్కువేం కాదు. ఇంటి ముందు శిలువ తగలబెట్టారు. ఊళ్లో తెల్లవాళ్లు పలకరించడం మానేశారు, ఏళ్ల తరబడి ఫెడరల్ మార్షల్స్ కాపలా. 1967లో ఆయన తల్లి ఇంటి మీద బాంబు వేశారు. తండ్రి పేరూ కొడుకు పేరూ ఒకటే కాబట్టి ఇల్లు పొరబడ్డారని అంటారు. ఆమెకు దెబ్బ తగల్లేదు. ఆ తల్లి పేరేంటో తెలుసా, అలబామా! 1975లో వాళ్ల ఒక్కగానొక్క దత్తపుత్రుడు ఆత్మహత్య చేసుకున్నాడు. దాని గురించి నేను వ్యాఖ్యానం చేయను. భార్యాభర్తలిద్దరూ ఆ ఊరు విడిచి వెళ్లలేదు, అంతే చెప్తా.

ఇప్పుడు శీర్షికలో ఉన్న విషయానికి వస్తున్నా. నా లెక్కలో జాన్సన్ చేసిన పెద్ద పని బస్సూ బ్రిడ్జీ కాదు, ఇది.

టస్కలూసాలో బ్రైస్ అని రాష్ట్ర ప్రభుత్వ మానసిక ఆసుపత్రి. 5 వేల మందికి పైగా రోగులు. 1970లో సిగరెట్ల పన్ను ఆదాయం తగ్గిందని దాదాపు వంద మంది ఉద్యోగులను తీసేశారు. వాళ్లు కోర్టుకు వచ్చారు. కేసులో రికీ వ్యాట్ అనే కుర్రాడి పేరు కూడా కలిపారు. అతనికి జబ్బేమీ లేదు, అల్లరి చేస్తున్నాడని అక్కడ పడేశారు. కేసు ఉద్యోగాల గురించి మొదలై రోగుల గురించి మారింది. జాన్సన్ అడిగిన ప్రశ్న చాలా సాదా. ఒక మనిషిని నేరం లేకుండా, వైద్యం చేస్తాం అని చెప్పి తాళం వేశారు. మరి వైద్యం చేయకపోతే ఆ తాళానికి అర్థమేంటి? 1971 మార్చిలో వైద్యం వాళ్ల రాజ్యాంగ హక్కు అన్నాడు. రాష్ట్రానికి ఆరు నెలల గడువిచ్చాడు, బాగు చేసుకోండి అని. వాళ్లు చేయలేదు.

అప్పుడు, 1972 ఏప్రిల్‌లో, ఆర్డర్ రాశాడు. ఆ ఆర్డర్ వెనక జతచేసిన ప్రమాణాలు చదువుతుంటే నాకు మా కాంట్రాక్టు స్పెసిఫికేషన్ చదువుతున్నట్టే అనిపించింది. ఒక గదిలో ఆరుగురికి మించొద్దు. మనిషికి 80 చదరపు అడుగులు. ఎనిమిది మందికి ఒక టాయిలెట్. ఆరుగురికి ఒక వాష్‌బేసిన్. 15 మందికి ఒక షవర్ లేదా టబ్బు. గది వేడి 68 నుంచి 83 ఫారెన్‌హీట్ మధ్య, మన లెక్కలో 20 నుంచి 28 డిగ్రీలు. కుళాయి దగ్గర వేడినీళ్లు 110 ఫారెన్‌హీట్, అంటే 43 డిగ్రీలు. ఎంతమంది రోగులకు ఎంతమంది డాక్టర్లు, నర్సులు, వంటవాళ్లు, అన్నిటికీ అంకెలు.

ఈ 43 డిగ్రీల దగ్గర నేను ఆగిపోయాను. అదే కేసులో పార్ట్‌లో అనే ఇంకో సంస్థ ఉంది, బుద్ధిమాంద్యం ఉన్నవాళ్లది. అక్కడ ఒక మనిషి మీద తోటివాడు మరిగే నీళ్లు పట్టడం వల్ల చనిపోయాడని సాక్ష్యం వచ్చింది. చూసుకోవడానికి మనుషుల్లేరు. అది తెలిశాక ఆ అంకె నాకు ఉత్త అంకెలా కనబడలేదు.

ఇక్కడ మనలో చాలామంది క్యాంపుల్లో ఉన్నవాళ్లే, లేదా ఒకప్పుడు ఉన్నవాళ్లే. గేటు మీద కార్మికుల సంక్షేమం మా బాధ్యత అని మూడు భాషల్లో బోర్డు ఉన్న క్యాంపు నేను చూశాను. లోపల ఫ్లోరుకు 40 మంది, పనిచేసే టాయిలెట్లు రెండు. తెల్లారి మూడున్నరకు బకెట్లు వరసలో పెట్టుకునేవాళ్లు, ఐదింటి బస్సు అందాలంటే. సంక్షేమం అనే మాటను ఎవరైనా ఎలాగైనా సాగదీయొచ్చు. ఎనిమిది మందికి ఒకటి అనేది సాగదు, వెళ్లి లెక్కపెడితే తెలిసిపోతుంది. జాన్సన్ అందుకే అంకెలు రాశాడు. అవి ఆయన ఒక్కడే ఊహించినవి కావు. నిపుణులను పిలిచి అడిగాడు, చాలావాటికి రాష్ట్రం తరఫు వాళ్లు కూడా ఒప్పుకున్నారు. డబ్బుల్లేవు అనే సాకు చెల్లదని కూడా రాశాడు. లోపల జరిగేది చూడటానికి బయటి పౌరులతో కమిటీలు వేశాడు. మనకు క్లయింట్ తరఫు ఇన్‌స్పెక్టర్ లాగా.

1976 జనవరిలో జైళ్లకు కూడా అదే పద్ధతి. తీర్పులో ఒక జైలు శిక్షగదుల వర్ణన ఉంది. నాలుగడుగులు ఇంటూ ఎనిమిది, అందులో ఆరుగురి దాకా. మంచం లేదు, లైటు లేదు, టాయిలెట్ అంటే నేలలో కన్నం, నీళ్లు వదిలే మీట బయట కాపలావాడి చేతిలో. మన సైట్‌లో సిమెంటు బస్తాలకు కూడా అంతకన్నా మంచి షెడ్డు వేస్తాం. సెల్ 60 చదరపు అడుగులు ఉండాలి, 15 మందికి ఒక టాయిలెట్, 20 మందికి ఒక షవర్ అని రాశాడు.

దీనిమీద వచ్చిన విమర్శ ఒకటి నిజాయితీగా చూడాలి. ఓటు వేయించుకోని ఒక మనిషి రాష్ట్ర ఖజానా ఎలా ఖర్చు పెట్టాలో చెప్పొచ్చా? జైలు నడపడం జడ్జి పనా? వాలెస్ అరిచాడు కాబట్టి ఆ ప్రశ్న తప్పయిపోదు. పైకోర్టు కూడా 1977లో జైలు ఆర్డర్లో కొన్ని భాగాలు తగ్గించింది, పర్యవేక్షణ కమిటీని తీసేసింది. కానీ నాకు తోచేది ఇది. పిచ్చాసుపత్రి రోగికి ఓటు బలం లేదు, ఖైదీకీ లేదు. వాళ్ల కోసం అడిగితే ఏ నాయకుడికీ ఒక్క ఓటు రాదు. ఎన్నికలు పట్టించుకోని మనిషి వెళ్లడానికి ఇంకో తలుపు ఏది? అలాంటి చోట ఎన్నిక కాని జడ్జి ఉండటమే మంచిదైంది. ఇలాగే ఓటు లేకుండా పరాయి దేశంలో పనిచేసే మనకు ఆ తలుపు విలువ ఇంకొంచెం బాగా తెలుస్తుంది.

మిగతావి గబగబా చెప్పేస్తా. 1966లో అలబామా జ్యూరీల్లో ఆడవాళ్లను కూర్చోనివ్వకపోవడం చెల్లదన్న ముగ్గురు జడ్జీల్లో ఆయనొకరు. 1967లో రాష్ట్రం మొత్తానికీ ఒకేసారి బళ్లు కలపమన్న తీర్పు ఇచ్చిన జడ్జీల్లో కూడా ఆయనొకరు. 1977లో అధ్యక్షుడు కార్టర్ ఆయన్ని ఎఫ్‌బీఐ డైరెక్టరుగా పిలిచాడు, ఆపరేషన్ వల్ల వెళ్లలేకపోయాడు. 1979లో అప్పీలు కోర్టుకు వెళ్లాడు. 1992లో ఆయన పనిచేసిన కోర్టు భవనానికి ఆయన పేరే పెట్టారు. 1995లో దేశంలో పౌరులకిచ్చే అతి పెద్ద పతకం వచ్చింది. ఖాళీ దొరికితే చెక్కపని చేసేవాడట, కొలిచి కోసి ఇంటి సామాను తయారు చేయడం. ఆ ఆర్డర్లు చదివాక నాకు ఇందులో ఆశ్చర్యమేం కనిపించలేదు. 1999 జూలైలో, 80 ఏళ్ల వయసులో, మాంట్‌గోమరీలోనే పోయాడు.

బ్రైస్ ఆసుపత్రి కేసు మాత్రం అప్పటికింకా నడుస్తూనే ఉంది. జడ్జీలు మారారు, గవర్నర్లు మారారు, ప్రమాణాల్లో కొన్ని మారాయి. చివరికి ఇక చాలు, రాష్ట్రం తన పని తాను చేస్తోంది అని కోర్టు ఫైలు మూసింది 2003 డిసెంబర్‌లో. మొదలైన 33 ఏళ్లకు.